సందు చుక్కల ముగ్గుతో సొంత కౌల్ డిజైన్: లెక్క సరిపోయిందా చూడండి

వసంత_అల్లికలు
ఎవరి ప్యాటర్నూ చూడకుండా సొంతంగా ఒక కౌల్ (మెడకి తొడుక్కునే గొట్టంలాంటి అల్లిక) గీద్దామని మొదలుపెట్టాను. మెడకి ఒక్క చుట్టు చాలు, తల మీంచి తొడుక్కునేలా ఉండాలి. నిట్ (సీదా), పర్ల్ (ఉల్టా) తప్ప వేరే కుట్టు వద్దు. కేబుల్స్ (జడలాంటి మెలికలు) వద్దు, జాలీ వద్దు. సందు చుక్కల ముగ్గులో చుక్క చుట్టూ గీత తిరిగినట్టు, డైమండ్ గడి మధ్యలో ఒక చుక్క రావాలి. గీతలు, చుక్కలు పర్ల్. మిగతాదంతా నిట్.

ఉన్న సరుకు: లేత పసుపు వర్స్టెడ్ (మధ్యస్థం లావు) ఊలు ఒక ఉండ, 100 గ్రాములు, 200 మీటర్లు. 4.5 మి.మీ. సర్క్యులర్ సూది (రెండు మొనల మధ్య వంగే కేబుల్ ఉండేది), 40 సెం.మీ. పొడవుది. గళ్ల కాగితం మీద 12 గళ్ల వెడల్పు, 12 గళ్ల ఎత్తుతో డైమండ్ గీశాను. ఎన్ని కుట్లు ఎక్కించాలి? ఒక్క ఉండ సరిపోతుందా?

సూదిమొన
వసంత గారూ, కుట్ల లెక్క కంటే ముందు నమూనా ముక్క కావాలి. 32 కుట్లు ఎక్కించి కనీసం 14 సెం.మీ. ఎత్తు అల్లండి. కౌల్‌ని ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ. కొలవండి. ఉతకని ముక్క మీద కొలిచిన గేజ్‌ని (10 సెం.మీ.లో పట్టే కుట్లు, వరుసల లెక్కని) నమ్మొద్దు. ఊలు తడిసి ఆరాక కుట్టు విచ్చుకుంటుంది.

ఇంకో సంగతి. కౌల్‌ని చుట్టుగా అల్లుతారు కాబట్టి నమూనాని కూడా అలాగే అల్లాలి. చాలామందికి పర్ల్ వరుస నిట్ వరుస కంటే వదులుగా వస్తుంది. అటూ ఇటూ తిప్పి అల్లిన ముక్కలో ఆ వదులు కలుస్తుంది, చుట్టుగా అల్లినప్పుడు అది ఉండదు. ఉపాయం ఏమిటంటే, వరుస అయ్యాక ముక్కని తిప్పకండి. కుట్లని సర్క్యులర్ సూది రెండో కొసకి జరిపి, దారాన్ని వెనక నుంచి వదులుగా తెచ్చి మళ్లీ నిట్ వరుసే అల్లండి. వెనక పొడుగు దారాలు వేలాడినా ఏం కాదు, అవి బిగిస్తేనే కొలత తప్పుతుంది.

వసంత_అల్లికలు
అలాగే చేశాను. ఉతకక ముందు 10 సెం.మీ.కి 19 కుట్లు, ఉతికి ఆరాక 18. వరుసలు 24. ముక్క బరువు 12 గ్రాములు, కొలత దాదాపు 18 × 14 సెం.మీ.

లెక్కల_అల్లిక
శుభ్రంగా ఉంది. ఇక లెక్క ఇదిగో.

పెద్దవాళ్ల తల చుట్టుకొలత ఎక్కువమందికి 55 నుంచి 58 సెం.మీ. అంచు సాగకపోయినా తల పట్టాలంటే చుట్టుకొలత 60 సెం.మీ. పెట్టుకోండి. 10 సెం.మీ.కి 18 కుట్లు అంటే 60 సెం.మీ.కి 108. మీ డైమండ్ 12 కుట్లది, 108 ÷ 12 = 9. సరిగ్గా తొమ్మిది డైమండ్లు. అంచుకి రెండు నిట్, రెండు పర్ల్ రిబ్ (నిలువు చారల సాగే అల్లిక) వేస్తే దానికి 4తో భాగం పోవాలి, 108 అక్కడా సరిపోతుంది. 12తో పోయే ఏ సంఖ్యైనా 4తో పోతుంది కాబట్టి తర్వాత సైజు మార్చినా అంచు దగ్గర తంటా రాదు.

ఉతకక ముందు కొలిచిన 19తో లెక్క కట్టి ఉంటే 114 వచ్చేది. అది 12తో పోదు, పైగా ఉతికాక 63 సెం.మీ. దాటేది.

కానీ మీ గీతలో ఒక పెద్ద చిక్కు ఉంది. గళ్ల కాగితంలో గడి చతురస్రం, అల్లికలో కుట్టు చతురస్రం కాదు. మీ గేజ్‌లో కుట్టు వెడల్పు 5.6 మి.మీ., ఎత్తు 4.2 మి.మీ. అందువల్ల 12 × 12 గీత ఊలులోకి వచ్చేసరికి 6.7 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉంటుంది. నిలబడాల్సిన డైమండ్ నొక్కేసినట్టు కనిపిస్తుంది. 18కి 24 అంటే 3కి 4. అడ్డం 12 అయితే నిలువు 16 ఉండాలి, అప్పుడే రెండు వైపులా 6.7 వస్తుంది. గీసేటప్పుడు 4 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. ఎత్తు గళ్లు మీరే గీసుకుంటే కాగితం మీదే అసలు రూపం తెలుస్తుంది.

ఉల్టా_సీదా
వసంత అక్కా, 12 కుట్లు, 16 చుట్లకి నేను రాసి ఇస్తున్నాను. ని అంటే నిట్, ప అంటే పర్ల్. ప్రతి చుట్టులో ఇచ్చిన 12 కుట్లని తొమ్మిదిసార్లు తిప్పాలి.

1: 1 ప, 5 ని, 1 ప, 5 ని
2: 1 ని, 1 ప, 9 ని, 1 ప
3: 2 ని, 1 ప, 7 ని, 1 ప, 1 ని
4, 5: 3 ని, 1 ప, 5 ని, 1 ప, 2 ని
6: 4 ని, 1 ప, 3 ని, 1 ప, 2 ని
7: 5 ని, 1 ప, 1 ని, 1 ప, 4 ని
8, 9: 1వ చుట్టులాగే
10: 7వ చుట్టులాగే
11: 6వ చుట్టులాగే
12, 13: 4వ చుట్టులాగే
14: 3వ చుట్టులాగే
15: 2వ చుట్టులాగే
16: 1వ చుట్టులాగే

గీత ఆరు కుట్లు జరగాలి, చుట్లేమో ఎనిమిది. అందుకే 4, 5 చుట్లలో గీత ఒకే చోట నిలుస్తుంది, కొస దగ్గర కూడా రెండు చుట్లు నిలుస్తుంది. చుక్క కోసం వేరే చుట్టు అక్కర్లేదు. ఒక డైమండ్ కొస పడే చుట్టులోనే పక్క డైమండ్ మధ్య చుక్క పడుతుంది. వరుస మారినప్పుడు చుక్క సగం జరుగుతుంది, అచ్చం సందు చుక్కలాగే.

లెక్కల_అల్లిక
6వ చుట్టు మళ్లీ కూడండి. 4 + 1 + 3 + 1 + 2 = 11. ఒక కుట్టు తక్కువైంది. చివర 3 ని ఉండాలి. ఇలాగే అల్లితే ప్రతి డైమండ్‌కీ గీత ఒక కుట్టు చొప్పున కుడికి జరుగుతూ పోతుంది, చుట్టు చివర 9 కుట్లు మిగులుతాయి. 11వ చుట్టు కూడా దీన్నే చూసి అల్లేది కాబట్టి అక్కడా అదే తప్పు వస్తుంది.

ఉల్టా_సీదా
నిజమే, 6వ చుట్టు: 4 ని, 1 ప, 3 ని, 1 ప, 3 ని. అదే వాడండి. మిగతావి మళ్లీ కూడాను, అన్నీ 12 వస్తున్నాయి.

సూదిమొన
ఇలాంటిది చేతిలో ఉండగానే దొరకాలంటే ప్రతి 12 కుట్లకీ ఒక మార్కర్ (సూదికి తొడిగే గుర్తు ఉంగరం) వేసుకోండి. మొత్తం తొమ్మిది, చుట్టు మొదలుది వేరే రంగు. మార్కర్ దగ్గరికి వచ్చేసరికి లెక్క ముగియకపోతే తప్పు ఆ 12 కుట్లలోనే ఉంటుంది, 108 కుట్లూ విప్పక్కర్లేదు. కొన్న మార్కర్లు లేకపోతే వేరే రంగు దారం ముక్కని ముడేసి ఉంగరంలా వాడండి.

చలిపొద్దు
అంచు సంగతి తేల్చకుండా కుట్లు ఎక్కించకండి. ఈ డిజైన్‌లో ఎక్కువ భాగం నిట్ ముఖమే, పర్ల్ చాలా తక్కువ. నిట్ అల్లిక పైఅంచూ కిందిఅంచూ ముందుకి చుట్టుకుంటాయి. ఆవిరి పెట్టినా, పిన్నులు కొట్టినా నాలుగు రోజుల్లో మళ్లీ చుట్టుకుంటుంది, కుట్టు నిర్మాణమే అంత. కాబట్టి అంచు వేరే కుట్టుతో ఉండాల్సిందే.

పత్తిదారం
ఒక చుట్టు పర్ల్, ఒక చుట్టు నిట్ వేసి మూడు గట్లు గార్టర్ పెడితే సరిపోదా? చూడటానికి రిబ్ కంటే అదే బాగుంటుంది కదా.

చలిపొద్దు
మూడు గట్లు చాలవండీ. గార్టర్ చుట్టుకోదు కానీ, పైన ఉన్న నిట్ అల్లిక చుట్టుకోబోతూ దాన్ని కూడా పైకి మడిచేస్తుంది. గార్టర్ మొదలైన గీత దగ్గరే మడత పడుతుంది. పైగా అదే సూదితో అల్లితే గార్టర్ వెడల్పుగా విచ్చుకుని అంచు గంట మూతిలా అవుతుంది. గార్టరే కావాలంటే అంచుని 4 మి.మీ. సూదితో అల్లండి. లేదా 96 కుట్లు ఎక్కించి, అంచు అయ్యాక ప్రతి 8 కుట్లకీ ఒకటి పెంచి 108 చేయండి. గట్లు కూడా ఆరు దాకా ఉండాలి.

కౌల్ మెడకి ఆనుకోవాలి కాబట్టి నా ఓటు రిబ్‌కే. 2 ని, 2 ప, ఎనిమిది చుట్లు. రిబ్ తర్వాత ఒక చుట్టు మొత్తం నిట్ వేసి డిజైన్ మొదలుపెట్టండి. లేకపోతే రిబ్ పర్ల్ గీతలు, మొదటి చుట్టు చుక్కలు కలిసిపోయి ముగ్గు ఎక్కడ మొదలైందో తెలియదు. పైన కూడా అంతే.

లెక్కల_అల్లిక
అలా అయితే మొత్తం చుట్లు: రిబ్ 8, నిట్ 1, డిజైన్ 16 × 3 = 48, నిట్ 1, రిబ్ 8. కలిపి 66. 24తో లెక్కిస్తే 27.5 సెం.మీ. ఎత్తు.

ఊలు లెక్కకి మీటర్లు వద్దు, తూకం చాలు. నమూనా 18 × 14 = 252 చ.సెం.మీ., 12 గ్రాములు. కౌల్ 60 × 27.5 = 1650 చ.సెం.మీ. 1650 ÷ 252 = 6.55, దాన్ని 12తో గుణిస్తే 79 గ్రాములు. కుట్లు ఎక్కించడానికి వదిలే తోక, ముగింపు, రిబ్‌లో పట్టే అదనపు దారం, అన్నిటికీ 15 శాతం కలపండి. 90 గ్రాములు.

పత్తిదారం
90కి 12 కలిపితే 102 కదా? నమూనా కూడా ఆ ఉండలోంచే పోయింది.

లెక్కల_అల్లిక
అవును, అది వదిలేశాను. ఉండలో ఇప్పుడు 88 గ్రాములే ఉన్నాయి. రెండు దారులు. ఒకటి, రిబ్ పైనా కిందా ఆరు చుట్లకి తగ్గించండి. మొత్తం 62 చుట్లు, ఎత్తు దాదాపు 26 సెం.మీ. 74 గ్రాములు, 15 శాతంతో 85. ఉన్నదానిలో పడుతుంది. రెండోది, నమూనాని తెంపకుండా దాచి, చివర్లో కావలిస్తే విప్పి వాడండి. విప్పిన దారం మెలికలు తిరిగి ఉంటుంది, నీళ్లలో ముంచి వేలాడదీసి ఆరబెట్టాకే అల్లాలి.

ఇంకో ఉండ కొంటే మాత్రం లేబుల్ మీద లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఒకటేనా చూడండి. లేత పసుపులో లాట్ మారితే పగటి వెలుగులో చార కనిపిస్తుంది.

వసంత_అల్లికలు
ఆరు చుట్ల రిబ్‌తోనే వెళ్తాను. అంచు మడవదు కదా?

చలిపొద్దు
ఆరైనా రిబ్ నిలబడుతుంది, గార్టర్‌లా గీత దగ్గర మడవదు. ఆరు కంటే తగ్గించకండి.

సూదిమొన
ఇక ఎక్కించడం. లాంగ్ టెయిల్ పద్ధతికి (పొడుగు తోక వదిలి ఎక్కించేది) తోక అంచు పొడవుకి మూడింతలు, పైన ఒక 20 సెం.మీ. అంటే 2 మీటర్లు. ముందు 10 కుట్లు ఎక్కించి, ఆ తోక ఎంత పట్టిందో కొలిచి, 11తో గుణిస్తే ఇంకా ఖాయం. 4.5 బదులు 5 మి.మీ. సూది మీద ఎక్కించండి, అంచు బిగుసుకోదు. కుట్ల మధ్య ఎడం కూడా అంచుకి సాగుదల ఇస్తుంది. సూది లావుగా ఉన్నా కుట్లని దగ్గర దగ్గరగా తోసేస్తే ప్రయోజనం లేదు.

చుట్టు కలపడానికి 109 ఎక్కించండి. చివరి కుట్టుని ఎడమ సూది మీదకి మార్చి, మొదటి కుట్టుతో కలిపి నిట్ చేస్తే 108 అవుతాయి, కలిపిన చోట సందు పడదు.

కలిపే ముందు అంచు మొత్తం సూది కిందికే చూస్తోందా చూడండి. ఒక్క చోట మెలి తిరిగినా కౌల్ మొత్తం మెలి తిరుగుతుంది. మొదటి చుట్టు చివరిదాకా అయితే ఆ మెలిని సూదుల మధ్య దారం దగ్గర తిప్పి సరిచేయొచ్చు. దాటితే విప్పడమే. భయం ఉన్నవాళ్లు మొదటి రెండు వరుసలు రిబ్‌ని అటూ ఇటూ తిప్పి అల్లి, ఆ పట్టీ వెడల్పయ్యాక కలపండి. మెలి వెంటనే కనిపిస్తుంది. కింద మిగిలే చిన్న చీలికని ఎక్కించిన తోకతోనే కుట్టేస్తారు. ఇలా చేస్తే 108 చాలు, అదనపు కుట్టు అక్కర్లేదు.

డాలస్_శైలజ
ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి అల్లేటప్పుడు సూది నంబరు విషయంలో జాగ్రత్త. మన దేశంలో చాలా సూదుల మీద ఉండేది పాత బ్రిటిష్ నంబరు, అందులో నంబరు పెరిగితే సూది సన్నమవుతుంది. అమెరికా నంబరు అందుకు తలకిందులు. మన 8 నంబరు 4 మి.మీ., ఇక్కడి 8 నంబరు 5 మి.మీ. మన 6 నంబరు 5 మి.మీ., ఇక్కడి 6 నంబరు 4 మి.మీ. 7 మాత్రం రెండు చోట్లా 4.5 మి.మీ.! వసంత గారి సూది అదే కాబట్టి ఈసారి గండం తప్పింది. వేరే ఊలుతో అల్లేవాళ్లు మి.మీ. చూసే కొనండి.

ప్లై కూడా అంతే. లేబుల్ మీద 4 ప్లై అంటే చాలాసార్లు ఎన్ని పోగులు పేనారో చెప్పినట్టే, దారం లావు చెప్పినట్టు కాదు. స్కేలు మీద దారాన్ని లాగకుండా పక్కపక్కన చుట్టండి. ఒక అంగుళంలో 9 చుట్లు పడితే ఇంచుమించు వర్స్టెడ్, 11 పడితే డీకే (వర్స్టెడ్ కంటే కొంచెం సన్నం).

పత్తిదారం
హైదరాబాద్, విజయవాడ చలికి ఊలు ఎక్కువేమో. ఇదే డిజైన్ కాటన్‌లో అవుతుందా?

చలిపొద్దు
ముగ్గు వరకైతే కాటన్‌లో ఇంకా స్పష్టంగా వస్తుంది. కష్టం అంచు దగ్గరే. కాటన్‌కి ఊలులాంటి సాగుదల లేదు, రిబ్ సాగితే వెనక్కి రాదు, బరువుకి కౌల్ కిందికి దిగుతుంది. రిబ్‌ని ఒక సైజు చిన్న సూదితో అల్లండి. ఎత్తు కూడా మూడు బదులు రెండు డైమండ్లే పెట్టండి. సగం కాటన్, సగం ఆక్రిలిక్ మిశ్రమం కొంత నయం. లంబసింగి, అరకు పొద్దుటి చలికైతే ఊలే సరైనది. మెడకి గరగర తగిలే ఊలు వద్దు, కొనే ముందు ఉండని మెడ పక్కన ఒక నిమిషం ఆనించి చూడండి. చేతికి మెత్తగా ఉన్నది మెడకి గుచ్చుకోవచ్చు.

రంగు గురించి కూడా చెప్పాలి. నిట్, పర్ల్ తేడా కనిపించేది నీడ వల్లే. నలుపు, ముదురు నీలంలో ఆ నీడ పడదు. నాలుగు రంగులు కలిసిన దారంలో ముగ్గు మాయమైపోతుంది. నూగు ఎక్కువ ఉన్న దారంలోనూ అంతే. గట్టిగా పేనిన, ఒకే లేత రంగు దారం కావాలి.

ఉల్టా_సీదా
సర్క్యులర్ సూది లేనివాళ్లకి: 110 కుట్లు, రెండు చివరలా ఒక్కో కుట్టు కుట్టుబడికి. బేసి వరుసలు రాసినట్టే. సరి వరుసలు వెనక వైపు నుంచి కాబట్టి చివరి నుంచి చదివి, నిట్‌ని పర్ల్‌గా, పర్ల్‌ని నిట్‌గా మార్చాలి. ఉదాహరణకి 2వ వరుస: 1 ని, 9 ప, 1 ని, 1 ప. ఈ మార్పు మరిచిపోతే గీత తలకిందులై డైమండ్ విరిగిపోతుంది.

80 సెం.మీ. సూది ఒక్కటే దొరికితే మ్యాజిక్ లూప్ (మిగిలిన కేబుల్‌ని కుట్ల మధ్య నుంచి బయటికి లాగి అల్లడం) చేయొచ్చు. కేబుల్ బయటికి లాగే చోటుని కొన్ని చుట్లకోసారి రెండు మూడు కుట్లు జరపండి, లేకపోతే అక్కడ నిలువునా నిచ్చెన మెట్లలా సందు పడుతుంది.

డాలస్_శైలజ
ఒక సందేహం. డైమండ్, చుక్క ఎప్పటి నుంచో ఉన్న డిజైన్లే కదా? దీన్ని సొంత డిజైన్ అని పేరు పెట్టి ప్యాటర్న్‌గా పంచుకోవచ్చా?

లెక్కల_అల్లిక
నిట్, పర్ల్‌తో గీసిన డైమండ్ ఎవరి సొత్తూ కాదు. అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ తను కనిపెట్టిన పద్ధతులకి ఇంగ్లిషులో ‘అన్‌వెంట్’ అనే మాట వాడేది. తనకంటే ముందు ఎక్కడో ఎవరో ఇది అల్లే ఉంటారని ఆమె నమ్మకం. ఆ మర్యాద మనమూ పాటిస్తే చాలు. ఇంకొకరి రాతని, చార్టుని, ఫోటోని ఎత్తి పెట్టకూడదు. కొలత, కుట్ల సంఖ్య, అంచు, డైమండ్ నిష్పత్తి, చుక్క ఎక్కడ పడాలన్నది ఇక్కడ వసంత గారి నమూనా ముక్క నుంచి పుట్టాయి, కాబట్టి ఈ ప్యాటర్న్ ఆమెదే.

పంచుకునేటప్పుడు ఉతికిన తర్వాతి గేజ్, తయారయ్యాక కొలతలు, ఊలు గ్రాములూ మీటర్లూ రెండూ, సూది మి.మీ.లో రాయండి. వేరే ఇద్దరి చేత అల్లించి చూడండి. రాసినవాళ్ల కంటికి 6వ చుట్టులాంటి తప్పు ఆనదు.

సైజులు: పిల్లలకి 96 కుట్లు, 8 డైమండ్లు, 53 సెం.మీ., ఎత్తుకి రెండు డైమండ్లు చాలు. రెండు చుట్లు వేసుకునే పొడుగు కౌల్‌కి 216 కుట్లు, 120 సెం.మీ. డీకే ఊలుతో 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 చుట్లు వస్తే 132 కుట్లు, 11 డైమండ్లు, ఎత్తుకి నాలుగు. లావు ఊలుతో 12 కుట్లు, 16 చుట్లు వస్తే 72 కుట్లు, 6 డైమండ్లు, ఎత్తుకి రెండు. ఈ గేజ్‌లన్నిటిలో నిష్పత్తి 3కి 4 దగ్గరే ఉంది కాబట్టి 16 చుట్ల చార్టు మార్చక్కర్లేదు.

వసంత_అల్లికలు
రెండో డైమండ్ వరుస సగంలో ఉన్నాను. 6.6 సెం.మీ. ఎత్తు, 6.7 వెడల్పు వచ్చింది, చుక్కలు చక్కగా నిలబడ్డాయి. కానీ చుట్టు మొదలయ్యే మార్కర్ దగ్గర గీత కొద్దిగా మెట్టులా జరిగినట్టుంది.

సూదిమొన
అది తప్పు కాదు. చుట్టుగా అల్లిక అంటే మెలికగా పైకి వెళ్లడమే, ఒక చుట్టు చివర, దాని మొదలు కంటే ఒక కుట్టు ఎత్తులో ఉంటుంది. గీత మార్కర్ దాటే చోట ఆ మెట్టు కనిపిస్తుంది. వేసుకునేటప్పుడు ఆ చోటుని మెడ వెనక్కి పెట్టుకోండి.

ముగింపు గురించి ఇప్పుడే చెప్తాను, చివరి రిబ్ దాకా ఆగొద్దు. మామూలుగా ముగిస్తే పైఅంచు తల పట్టనంత బిగుస్తుంది. 5 మి.మీ. సూదితో రిబ్ ప్రకారమే ముగించండి, నిట్‌ని నిట్‌గా, పర్ల్‌ని పర్ల్‌గా. ఇంకా సాగాలంటే జిమ్మర్‌మన్ కుట్టు ముగింపు ఉంది. అంచుకి మూడింతలకి కొంచెం ఎక్కువ, 2 మీటర్ల దారం వదిలి తెంపి మొన లేని ఊలు సూదికి ఎక్కించండి. ఆ ఊలు సూదిని ఎడమ సూది మీది మొదటి రెండు కుట్లలోంచి కుడి నుంచి ఎడమకి పోనిచ్చి లాగండి. తర్వాత మొదటి కుట్టు ఒక్కదానిలోంచి ఎడమ నుంచి కుడికి పోనిచ్చి ఆ కుట్టుని దించేయండి. చివరిదాకా ఇదే. దారాన్ని ప్రతిసారీ ఒకే వదులుతో లాగాలి. ఇరవై కుట్లకోసారి ఆగి అంచుని సాగదీసి చూడండి, 58 సెం.మీ. తల పట్టకపోతే అక్కడే విప్పొచ్చు.

చలిపొద్దు
ఉతికేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నాననివ్వండి, రుద్దొద్దు, పిండొద్దు. తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీసి పరిచి ఆరబెట్టండి. డైమండ్లని వేళ్లతో సరిచేయండి కానీ రిబ్‌ని మాత్రం లాగి పిన్ను కొట్టొద్దు. దండెం మీద వేస్తే తడి బరువుకి పొడుగు సాగుతుంది. ఆక్రిలిక్‌తో అల్లినవాళ్లు ఇస్త్రీ పెట్టె ఆనించకండి. వేడికి దారం సొమ్మసిల్లి రిబ్ మళ్లీ దగ్గరికి రాదు, అది ఉతికినా తిరిగి రాదు. ఆవిరి కూడా నాలుగు వేళ్ల ఎత్తు నుంచే, అదీ ముందు నమూనా ముక్క మీద చూశాక.